వాగ్దానం చేతిలో ఉండగా వరద ఇంట్లోకి వచ్చింది

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఒకచోట చేర్చాను. రాసినవారు ఒకరికొకరు తెలియనివారే అయినా ముగ్గురినీ బాధిస్తున్న సంగతి ఒక్కటే: దేవుడు వాగ్దానం చేశాడు గదా, మరి ఈ కష్టం ఏమిటి? రాసినవారిని గుర్తుపట్టడానికి వీలైన వివరాలు తీసివేసి, ఉత్తరాలను కొంత కుదించి ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనములు. మేము విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో కింది అంతస్తులో ఉంటున్నాము. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. 2023 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానపు కార్డు 91వ కీర్తన 10వ వచనం: “నీకు అపాయమేమియు రాదు, ఏ తెగులును నీ గుడారమును సమీపించదు.” దాన్ని కుట్టు మిషను ఎదురుగా గోడకు అంటించుకున్నాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, మందిరానికి వెళ్దామని పిల్లలకు తలలు దువ్వుతుండగా బుడమేరు వాగు నీళ్లు గడప దాటాయి. మధ్యాహ్నానికి గుండెల లోతు అయ్యాయి. పై అంతస్తువారి ఇంట్లో నాలుగు రోజులు తలదాచుకున్నాము. రెండు మిషన్లు, కుట్టడానికి ఇచ్చినవారి జాకెట్టు గుడ్డలు, ఫాల్ వేయడానికి ఇచ్చిన పట్టుచీరలు, పిల్లల సర్టిఫికెట్లు బురదపాలయ్యాయి. ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు చీరల వాళ్లకు సర్దడానికే చాలలేదు. విశ్వాసి కాని నా భర్త ‘మీ దేవుడు మాట తప్పాడు’ అంటున్నారు. ప్రార్థనకు వచ్చిన ఒక పెద్ద ‘నీ విశ్వాసంలో ఎక్కడో లోపం ఉందమ్మా’ అని వెళ్లారు. అప్పటి నుంచి డిసెంబరు 31 రాత్రి కార్డుల పళ్లెం నా దగ్గరకు వస్తే చెయ్యి చాపలేక పక్కవాళ్లకు అందిస్తున్నాను. తప్పింది వాగ్దానమా, నా విశ్వాసమా?
— ఒక సహోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందుగా ఆ పెద్దగారి మాటను పక్కన పెట్టండి. మీ ఇంట్లోకి నీళ్లు వచ్చింది బుడమేరు కట్టకు పడిన గండ్ల నుంచి. మీ విశ్వాసానికి పడిన గండి నుంచి కాదు. ఆ రోజులలో ఒకపక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహిస్తుండగా, మరొకపక్క బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలలో మందిరానికి వెళ్లేవారి ఇళ్లను, గుడికి వెళ్లేవారి ఇళ్లను, మసీదుకు వెళ్లేవారి ఇళ్లను ఒకే మట్టాన ముంచింది. కష్టాన్ని చూసి కష్టపడుతున్నవాని విశ్వాసానికి వెలకట్టే అలవాటు బైబిలులో కష్టాల పాలైన యోబు స్నేహితులది. ఏడు రాత్రింబగళ్లు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడ్డారు. దేవునిని అంతగా నిలదీసిన యోబే ఆ దేవుని గూర్చి యుక్తమైనది పలికాడని, అతనికి నీతులు చెప్పిన ఆ ముగ్గురు పలకలేదని గ్రంథం చివర దేవుడే తీర్పు చెప్పాడు.

ఇక కార్డు సంగతి. సంవత్సరం మారే ఆ రాత్రి, కిక్కిరిసిన మందిరంలో పళ్లెంలోంచి ఒక వచనాన్ని తీసుకుని, దాన్ని రాబోయే పన్నెండు నెలలకు దేవుడు తనతో ఆడిన మాటగా భద్రపరచుకోవడం మన తెలుగు సంఘాలలో చాలామందికి ప్రియమైన ఆచారం. దాన్ని నేను తప్పుపట్టను. వాక్యం ఏ దారిన ఇంటికి చేరినా మేలే. అయితే ఆ కార్డులను ఏరి కూర్చేవారు ఎక్కువగా తీపి వచనాలనే ఏరుతారు. “లోకములో మీకు శ్రమ కలుగును” అన్నదీ ప్రభువు పలికిన మాటే గాని, దాన్ని కార్డు మీద అచ్చు వేయించినవారిని నేనింతవరకు చూడలేదు. “అయినను ధైర్యము తెచ్చుకొనుడి, నేను లోకమును జయించియున్నాను” అన్న రెండవ సగాన్ని మాత్రం రంగుల పూల మధ్య చాలాసార్లు చూశాను.

మన చేతికి ఒక ప్రోనోటు వస్తే ముందు చూసేది ఎవరు రాశారు, ఎవరి పేర రాశారు, ఎంతకు రాశారు అన్న మూడు సంగతులు. దేవుని వాగ్దానం విషయంలో మొదటిదాన్ని చూసి ఊరుకుంటాము. తక్కిన రెండూ చూడము. మీకు వచ్చిన వచనాన్నే తీసుకోండి. 91వ కీర్తనలో 16 వచనాలున్నాయి. కార్డు మీద ఉన్నది పదవది. పదిహేనవ వచనంలో దేవుడు తానే మాట్లాడుతూ “శ్రమలో నేనతనికి తోడై యుందును” అంటున్నాడు. శ్రమ అన్నదే రాని మనిషికి శ్రమలో తోడుంటానని ఎవరు మాట ఇస్తారు? కాబట్టి ఆ కీర్తనను రాసినవాడు గాని, తరతరాలుగా దాన్ని పాడిన ఇశ్రాయేలీయులు గాని, దేవుని నమ్మినవాని గడప ఏ వరదా తొక్కదని అనుకోలేదు. దేవుని చేయి దాటి, ఆయన నుంచి తనను వేరుచేసి నాశనం చేయగల అపాయం లేదని అనుకున్నారు.

ఇదే కీర్తనలోంచి ఒక ముక్కను విడిగా తీసి వాడినవాడు సువార్తలలో ఒకడున్నాడు. మత్తయి నాలుగవ అధ్యాయంలో శోధకుడైన సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు నిన్ను చేతులతో ఎత్తుకుంటారని రాసి ఉంది గదా, దూకు అన్నాడు. అది 91వ కీర్తన 11, 12 వచనాలు. వచనం నిజమైనదే, దానితో చేయించబోయిన పని తప్పు. “ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు” అని ప్రభువు జవాబిచ్చాడు. తండ్రి మాట మీద ఆయనకు సందేహం లేదు. ఆ మాటను పరీక్షకు పెట్టడానికి ఒప్పుకోలేదు, అంతే. తరువాత ఆయన సిలువకు వెళ్లినప్పుడు ఏ దూతా వచ్చి ఆయనను దింపలేదు. అంతమాత్రాన ఆ కీర్తన అబద్ధమైందని మనమెవరమూ అనము.

మన ఇళ్ల గోడల మీద ఎక్కువగా కనబడే వచనం మరొకటి ఉంది: యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.” ఇది ఎవరి పేర రాసిన మాటో చూడండి. బబులోను రాజు నెబుకద్నెజరు చెరపట్టి తన దేశానికి తీసుకుపోయినవారికి యెరూషలేము నుంచి యిర్మీయా పంపిన ఉత్తరంలోనిది. దానికి ముందటి అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, అందరూ ఇంటికి వచ్చేస్తారు అని దేవాలయంలో ప్రకటించి, యిర్మీయా మెడ మీది కొయ్య కాడిని తీసి విరిచి చూపించాడు. అది విని యిర్మీయా మొదట అన్నమాట ‘ఆమేన్’. ఆ కబురు నిజమైతే బాగుండునని ఆయనకూ ఉంది. కాని దేవుడు చెప్పింది రెండేళ్లు కాదు, డెబ్బది సంవత్సరాలు. ఆ ఉత్తరం అందుకున్న పెద్దలలో అత్యధికులు తిరిగివచ్చే దినాన్ని కళ్లారా చూడరు. అందుకే పదకొండవ వచనానికి ముందే ఇళ్లు కట్టుకొని కాపురముండండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని ఉంది. ఆనాడు జనానికి తీపిగా తోచింది హనన్యా మాట. నిలిచింది యిర్మీయా మాట. పన్నెండు నెలల్లో కష్టాలన్నీ తీరిపోతాయని ప్రతి జనవరిలోనూ వినిపించే ప్రసంగాలను ఈ రెండు అధ్యాయాల పక్కన పెట్టి చూసుకోవడం మన సంఘాలకు మంచిది.

వాగ్దానం ఎంతకు రాసి ఉందో చూడడానికి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం కంటే మంచి చోటు నాకు తెలియదు. పౌలు ఖైదీగా రోమాకు వెళ్తున్నాడు. ఓడలో 276 మంది. చాలా రోజులు తుపానులో కొట్టుకుపోయి, సూర్యుడు గాని నక్షత్రాలు గాని కనబడక, తప్పించుకుంటామన్న ఆశ పూర్తిగా పోయాక పౌలు లేచి నిలబడి, రాత్రి దేవుని దూత తనతో చెప్పినది చెప్పాడు: “ఓడకే గాని మీలో ఎవని ప్రాణమునకును హాని కలుగదు.” ఎంత కచ్చితమైన మాటో చూడండి. ప్రాణాలు దక్కుతాయి, ఓడ దక్కదు. ఓడ కూడా దక్కాలని పౌలు ప్రార్థన చేసినట్టు అక్కడ రాయలేదు. ఇంత స్పష్టమైన వాగ్దానం ఉండగానే, నావికులు చిన్న పడవ దించుకుని పారిపోబోతే, వీళ్లు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరని పౌలు శతాధిపతికి చెప్పి ఆపించాడు. దేవుడు కాపాడతానన్నాడు కాబట్టి నావికుల పనితనం అక్కరలేదని అనలేదు. తరువాత రొట్టె పట్టుకుని, అందరి ఎదుట దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, విరిచి తిన్నాడు. అది చూసి తక్కినవారు ధైర్యం తెచ్చుకుని తిన్నారు. తిన్నాక మిగిలిన గోధుమలను సముద్రంలో పారబోశారు. తెల్లవారి ఓడ ముక్కలయింది. ఈత వచ్చినవారు ఈది, రానివారు పలకలు పట్టుకుని, తడిసి వణుకుతూ ఒడ్డు చేరారు. ఒడ్డున వారికి స్వాగతం పలికింది వర్షం, చలి. చలిమంట దగ్గర ఒక పాము కూడా. వాగ్దానం నెరవేరడమంటే ఆ రోజు ఇదీ. సరకు పోగొట్టుకున్న ఓడ యజమాని ఇంటికి వెళ్లి ఏమని చెప్పుకున్నాడో ఆ గ్రంథం రాసిన లూకా చెప్పలేదు గాని, నాకు అప్పుడప్పుడు అతడు గుర్తుకు వస్తుంటాడు.

మీరు పోగొట్టుకున్నవి చిన్నవని చెప్పడానికి ఇదంతా రాయలేదు. రెండు కుట్టు మిషన్లు పోయాయంటే ఒక ఇంటి అన్నం పోయింది. ప్రాణాలు దక్కాయి గదా, స్తోత్రం చెప్పుకో అని పైపైన ఓదార్చేవారి మాట నాకు నచ్చదు. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయంలో, బట్టలు, భోజనం లేని సహోదరునితో సమాధానంగా వెళ్లు, చలి కాచుకో, తృప్తిగా తిను అని నోటిమాట చెప్పి పంపేవారిని నిలదీశాడు. మీ ఇంటికి ప్రార్థనకు వచ్చినవారు లోపాలు వెతకడానికి బదులు, సంఘపు కానుకలలోంచి ఒక పాత మిషనైనా కొనిచ్చి ఉంటే ఈ ఉత్తరం వేరుగా ఉండేది. ఇది చదివే సంఘ కాపరులకు, పెద్దలకు నా మనవి: మీ సంఘంలో ఆ వరద బాధితులు ఇంకా ఉన్నారు. బురద కడిగివేసినంత త్వరగా అప్పులు కడిగివేయబడవు.

తప్పింది వాగ్దానమా, విశ్వాసమా అని అడిగారు. రెండూ తప్పలేదు. ఆ వాగ్దానం మీద కార్డు పెట్టిన అర్థం తప్పింది. షరతు లేకుండా మీ పేర రాసి ఉన్న వాగ్దానం రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయం చివర ఉంది. శ్రమ, బాధ, హింస, కరవు, వస్త్రహీనత, ఉపద్రవం, ఖడ్గం అని పౌలు ఒక్కొక్కటిగా ఎంచి, ఇవేవీ క్రీస్తు ప్రేమ నుంచి మనలను ఎడబాపలేవు అన్నాడు. అవి రావు అనలేదు. వచ్చినవాటి మధ్య ఎడబాటు ఉండదన్నాడు. ఆయన ఎంచినవన్నీ తాను అనుభవించినవే. ఖడ్గం ఒక్కటే ఇంకా మిగిలి ఉంది, అది తరువాత రోమాలో వచ్చిందని సంఘ సంప్రదాయం.

మీ మనసుకు ఆ సమాధానం ఇప్పుడే కలగకపోతే కంగారు పడకండి. “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?” అని 13వ కీర్తన మొదలవుతుంది. 88వ కీర్తనకైతే చివర కూడా వెలుగు లేదు. చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. దాన్ని కూడా దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు. స్తుతి నోటికి రాని రోజున ఈ రెండింటిలో ఒకటి బిగ్గరగా చదవండి; అదీ ప్రార్థనే. మీ భర్తగారితో దేవుని తరఫున వాదనకు దిగవద్దు. ఆయన కోపంలో మీ రెక్కల కష్టం పోయిందన్న బాధ ఉంది. ఆయనను ఒకసారి పూర్తిగా చెప్పనివ్వండి. ఈ డిసెంబరు 31న పళ్లెం వచ్చినప్పుడు తీసుకోవాలనిపిస్తే కార్డు తీసుకోండి, లేకపోతే మానండి. అందులో పాపమేమీ లేదు. తీసుకుంటే మాత్రం ఇంటికి వెళ్లి ఆ వచనమున్న అధ్యాయం మొత్తం చదివాకే గోడకు అంటించండి.

ప్రశ్న: అయ్యగారూ, మాది గుంటూరు దగ్గర పల్లె. కౌలుకు తీసుకుని మిర్చి వేస్తాను. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటి అమ్మిన కాయను చూసి, తరువాత ఇంకో రెండెకరాలు ఎక్కువ పట్టాను. 2025లో ధర పడిపోయింది. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టినా నాకు పెట్టుబడి రాలేదు. కొన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. అద్దె, వడ్డీ పెరుగుతున్నాయి. రాత్రి రెండు దాటినా నిద్ర పట్టదు. ‘దేనినిగూర్చియు చింతపడకుడి’ అన్నది ఆజ్ఞ కాబట్టి చింతపడడం పాపమని మా ప్రార్థన కూటంలో చెప్పారు. ప్రార్థిస్తున్నాను, చింత పోవడం లేదు. ఇప్పుడు అప్పుకు తోడు ఈ పాపమొకటి. ఒక్కోసారి ఇంకా బతకడం దేనికి అనిపిస్తోంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
— ఒక సహోదరుడు, గుంటూరు జిల్లా

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాలకు ముందు జవాబు చెబుతాను. ఈ పత్రిక మీ చేతికి వచ్చిన పూటే మీ భార్యకో, అన్నదమ్ములలో ఒకరికో, నమ్మకమున్న స్నేహితునికో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంట్లో, పశువుల పాకలో ఉన్న పురుగు మందు డబ్బాలను వారి చేతికిచ్చి, మీకు అందుబాటులో లేకుండా వేరొక చోట పెట్టించండి. 14416 అన్న టెలీ మానస్ నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, రుసుము లేదు. వారాల తరబడి నిద్ర లేకపోవడం వైద్యుడు చూడవలసిన జబ్బు. వైద్యుని దగ్గరకు వెళ్తే విశ్వాసం తగ్గినట్టు కాదు. “నా ప్రాణము తీసికొనుము” అని దేవుని అడిగినవాడు ఏలీయా, కర్మెలు కొండ మీద అగ్ని దింపిన ప్రవక్త. దేవుడు అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత లేపించి రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ పెట్టించాడు. మందలింపైనా, పని అప్పగింపైనా అన్నీ ఆ తరువాతే.

చింత పాపమా అన్నారు. ఫిలిప్పీయులకు ఆ మాట రాసిన పౌలు బంధకాలలో ఉండి రాశాడు. అదే పత్రిక రెండవ అధ్యాయంలో, చావుకు దగ్గరైన తన జతపనివాడు ఎపఫ్రొదితు బతకకపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని, అతన్ని పంపిస్తే తన దుఃఖం కొంత తగ్గుతుందని దాచుకోకుండా చెప్పాడు. కొరింథీయులకు రెండవ పత్రికలో “సంఘములన్నిటిని గూర్చిన చింతయు కలదు”, ఆ భారం దినదినమూ తనకు కలుగుతున్నదని రాశాడు. గెత్సేమనేలో ప్రభువే తన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉందని శిష్యులతో చెప్పుకుని, తనతో మెలకువగా ఉండమని అడిగాడు. కాబట్టి ‘చింతపడకుడి’ అన్నది బరువు మోస్తున్నవాని వీపున మరొక బస్తా వేయడానికి రాసిన మాట కాదు. బరువు దించుకునే చోటు చూపడానికి రాసిన మాట. దాని వెంటనే ఉన్నది ‘మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి’ అని. మీ కూటంలో మొదటి సగం దగ్గర ఆగిపోయారు.

తెలియజేయడం ఎలాగో యూదా రాజు హిజ్కియా చేసి చూపించాడు. అష్షూరు రాజు సన్హెరీబు బెదిరిస్తూ పంపిన ఉత్తరాన్ని ఆయన చదివి, మందిరానికి తీసుకుపోయి, యెహోవా సన్నిధిని విప్పి పరిచాడు. మీరు కూడా అలాగే చేయండి. ‘ప్రభువా, నా ఇబ్బందులు చూడు’ అని ఊరుకోకుండా, బ్యాంకు నోటీసు, కోల్డ్ స్టోరేజీ బాండు, కమిషన్ కొట్టు చీటీ, బయట తెచ్చిన అప్పుల లెక్క రాసిన నోటు పుస్తకం చాప మీద పరిచి, ఎవరికి ఎంత ఇవ్వాలో, ఏ తేదీకి ఇవ్వాలో బయటకు చదువుతూ ప్రార్థించండి. మీ భార్యను పక్కన కూర్చోబెట్టుకుని చదవగలిగితే మరీ మంచిది. అంతకాలం ఒక్కరే మోసిన అంకెలు ఇద్దరి ఎదుట, దేవుని ఎదుట బయటపడతాయి. తరువాత అవే కాగితాలు పట్టుకుని బ్యాంకుకు వెళ్లి గడువు పొడిగించమని అడగండి; కౌలు గుర్తింపు కార్డు లేకపోతే రైతు సేవా కేంద్రంలో అడగండి. అదే హిజ్కియా ప్రార్థన చేశాడు. కొండను తొలిపించి పట్టణంలోకి నీళ్లు కూడా తెప్పించాడు.

ఆ వచనంలో చెప్పిన సమాధానం ధర పెరిగాక కలిగేది కాదు. యార్డులో రేటు మీద ఆధారపడిన నెమ్మది రేటుతోపాటే పడిపోతుంది. మిర్చి మళ్లీ ఇరవై వేలు పలుకుతుందని దేవుడు ఎక్కడా రాసివ్వలేదు. అలా ఎవరైనా ప్రవచనం చెబితే హనన్యాను తలచుకోండి. ‘నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను’ అన్నది మాత్రం రాసిచ్చిన మాట. హెబ్రీయులకు రాసిన పత్రికలో ఆ మాట సరిగ్గా డబ్బు సంగతి మాట్లాడుతున్న చోటే వస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారికి షుగరు. ఒక స్వస్థత కూటానికి వెళ్లి వచ్చాక ‘అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది’ అన్న వాగ్దానాన్ని పట్టుకుని ఇన్సులిన్ మానేశారు. వేసుకుంటే అవిశ్వాసం అవుతుందంటున్నారు. ఏమని చెప్పాలి?
— ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్మాయీ, వాదన తరువాత చేయవచ్చు, ముందు ఈ రోజే ఆయన వైద్యునికి ఫోను చేసి, ఎన్ని రోజులుగా మానేశారో చెప్పి, వైద్యుడు చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టించండి. వాంతులు, ఆయాసం, మగత కనబడితే ఫోను కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

నాన్నగారికి రాజులు రెండవ గ్రంథం 20వ అధ్యాయం చదివి వినిపించండి. హిజ్కియాకు మరణకరమైన రోగం వచ్చినప్పుడు దేవుడు తానే నోరు తెరిచి నిన్ను బాగు చేస్తాను, నీ ఆయుష్షుకు 15 సంవత్సరాలు కలుపుతాను అన్నాడు. ఇంతకంటే సూటి వాగ్దానం ఎవరికుంది? ఆ మాట తెచ్చిన యెషయా వెంటనే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి ఆ పుండు మీద వేయించాడు. వాగ్దానం ఉంది కదా, ముద్ద దేనికని రాజు అనలేదు. యెషయా 53లోని ఆ గొప్ప మాట కూడా ఈ యెషయా గ్రంథంలోనిదే. తిమోతికి తరచుగా వచ్చే కడుపు జబ్బుకు, మందుగా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని పౌలు చెప్పాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు.

మన ఊరి సంగతి కూడా చెప్పండి. అమెరికా మిషనరీ వైద్యురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు; ఆమె కట్టించిన ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నది 1898లో. ఆ పదిహేనేళ్లూ ఆమె ప్రార్థన చేస్తూ, మందులు ఇస్తూ, పురుళ్లు పోస్తూ గడిపారు. మీ నాన్నగారి తల్లిదండ్రుల తరంలో గుంటూరు విశ్వాసులు ఎంతోమంది ఆ ఆసుపత్రి వరండాలో మందు సీసా చేతపట్టుకుని దేవునికి స్తోత్రం చెప్పినవారే. ఆయనకు ఆ పెద్దల మీద గౌరవం ఉండే ఉంటుంది. ఇన్సులిన్ వేసుకునే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేయమనండి. భోజనానికి చేస్తారు గదా.